పెద్దల ముచ్చట్లలో పిల్లలకూ ఇంత జాగా

పొద్దుగూకే వేళకు గడ్చిరోలి జిల్లా బామ్నిలో ఏదో ఒక ఇంటి ముందు నలుగురు చేరతారు. మొగులు ఎటు పట్టింది, పత్తికి మందు కొట్టడం అయిందా, రేపటికి కూలోళ్లు దొరికారా, ఇంట్లో ఏం కూర అని మాటలు నడుస్తుంటాయి. ఎనిమిదేళ్ల పిల్లో పిల్లగాడో మెల్లగా వచ్చి పక్కన నిలబడగానే చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది. "పెద్దోళ్ల ముచ్చట్ల నీకేం పని? పోయి చదువుకో." ఆ మాటలో కోపం లేదు. తమకు దక్కని చదువు పిల్లలకైనా దక్కాలన్న ఆశ ఉంది. ఆ ఆశ మీద గౌరవంతోనే తల్లిదండ్రులను ఒకటి అడుగుతున్నాను. ఆ పిల్లను పంపెయ్యకండి. కొంచెం జరిగి కూర్చోబెట్టుకోండి.

వానా ఎండా, పనీ పాటా, వంటా వార్పూ గురించిన మాటలంటే మనకు చిన్నచూపు. పొద్దుపోక చెప్పుకునేవని అనుకుంటాం. దేశాలు తిరిగి మనుషుల నడవడిని చదివినవాళ్లు మాత్రం అలా అనుకోలేదు. పాపువా న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో చాలాకాలం ఉన్న మలినోవ్‌స్కీ అనే పండితుడు 1923లో రాసిన ఒక వ్యాసంలో ఇలాంటి ముచ్చట్ల గురించే ప్రత్యేకంగా చెప్పాడు. మంచిచెడ్డలు అడగడం, ఎండావానల గురించి మాట్లాడుకోవడం మనిషికి మనిషికి మధ్య బంధాన్ని నిలుపుతాయని, అందులో కొత్త సంగతి ఏదీ లేకపోయినా ఆ పని జరుగుతూనే ఉంటుందని ఆయన గమనించాడు. పిల్లలకు ఇది పుట్టుకతో వచ్చే విద్య కాదు. ఎదుటి మనిషి ముఖం చూసి మాట ఎత్తుకోవడం, ఎక్కడ ఆగాలో, ఏది అడగొచ్చో, ఏది అడగకూడదో తెలుసుకోవడం అన్నీ పక్కన కూర్చుని నేర్చుకోవాల్సినవే. ఏ పాఠ్యపుస్తకంలోనూ ఇది పాఠంగా ఉండదు.

బామ్ని ఉన్న సిరొంచ తాలూకాలో వాన గురించిన మాటకు ఇంకో బరువుంది. పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి. మూడు దిక్కులా నీళ్లున్న చోట "ఏరు ఎక్కడిదాకా వచ్చింది?" అన్నది ఊసుపోక అడిగే మాట కాదు. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అయింది. అంటే నాగపూర్, భండారా దిక్కు కుండపోతగా కురిస్తే, ఇక్కడ ఎండ కాస్తున్నా ఏరు పొంగుతుంది. వైన్‌గంగ మీది గోసీఖుర్ద్ డ్యాం గేట్లు ఎత్తారా లేదా అన్నది సిరొంచ దాకా మాటల్లో పడేది అందుకే. 2022 జూలైలో గోదావరి, ప్రాణహిత కలిసి విరుచుకుపడ్డప్పుడు ఒడ్డున ఉన్న ఊళ్లు ఇళ్లు విడిచి పోవాల్సి వచ్చింది. గోదావరి మీద మేడిగడ్డ బ్యారేజీ కట్టాక వెనక్కి ఎగదన్నే నీళ్ల మాట, మునిగిన చేన్ల మాట, పరిహారం మాట ఇక్కడి ముచ్చట్లలో కలిసిపోయాయి.

ఈ ముచ్చట విన్న పిల్లకు భూగోళం కాళ్ల కిందే ఉంటుంది. "ఇక్కడ చుక్క వాన లేదు కదా, ఏరు ఎందుకొచ్చింది కాకా?" అని అడిగిందంటే నదీ పరీవాహక ప్రాంతం అన్న పాఠం సగం వచ్చేసినట్టే. అప్పుడు "నీకెందుకు" అనకుండా చెప్పండి. నేల మీద పుల్లతో గీసి చూపండి, ఇది వార్ధా, ఇది వైన్‌గంగ, ఇక్కడ కలిశాయి, ఇదిగో మనం ఇక్కడ ఉన్నాం అని. ఏరు వచ్చిన రాత్రి ఏ దారిన పోవాలి, ఏ వాగు ముందు పొంగుతుంది, కల్వర్టు మీదికి నీళ్లొస్తే దాటకూడదు అన్నవి కూడా ఈ మాటల్లోనే పిల్లల చెవిన పడతాయి. విడిగా కూర్చోబెట్టి చెప్తే భయపడతారు, లేదా మరిచిపోతారు. పెద్దలు తమలో తాము చెప్పుకుంటుంటే విన్నది ఉండిపోతుంది.

కార్తెల సంగతీ అంతే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట, జూన్ మొదటి వారం దాటుతుండగా మిరుగు కోసం ఎదురుచూపు, ఆరుద్రలో విత్తనం, ఇవన్నీ తెలుగు రైతుకు ఎంత తెలుసో పక్క ఇంటి మరాఠీ రైతుకూ అంతే తెలుసు. ఆయనకూ రోహిణి ఉంది, మృగ నక్షత్రం ఉంది. "మిరుగు ఎన్నడొస్తది తాతా?" అని మీ పిల్లతో తాతను అడిగించండి. తాత ఒక్క తేదీ చెప్పి ఊరుకోడు. ఏ ఏడు మిరుగు ముంచిందో, ఏ ఏడు ఎండగట్టిందో, అప్పుడు ఇంట్లో ఏం తిని బతికారో చెప్తాడు. మీరు పుస్తకం కొనిచ్చినా పిల్లకు దొరకని సంగతులు అవి.

ఇక భాష. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఈ సరిహద్దులో పిల్లల్ని పెంచేవారికి ఇదే పెద్ద చిక్కు.

సిరొంచ ఒకప్పుడు జిల్లా కేంద్రం. 1860 నుంచి 1874 దాకా ఎగువ గోదావరి జిల్లా ఇక్కడి నుంచే నడిచింది. తర్వాత చాందా జిల్లాలో కలిసింది, 1956లో చాందాతో పాటు బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లింది, 1960లో మహారాష్ట్ర అయింది, 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా ఏర్పడితే అందులో చేరింది. ఇన్ని పేర్లు మారినా ఇళ్ల ముందు ముచ్చట తెలుగులోనే సాగింది. జిల్లా పరిషత్ బడిలో పాఠం మరాఠీలో, కచేరీ కాగితం మరాఠీలో, బస్సు మీది బోర్డు మరాఠీలో. మరి తెలుగు ఎక్కడుంది? వాకిట్లో, చేన్లో, పొయ్యి దగ్గర, పెండ్లి పందిట్లో. మీ పిల్లకు తెలుగు చెప్పే పంతులు మీరే, మీ వదినే, పక్కింటి పెద్దవ్వే. ఆ వాకిలి నుంచి పిల్లను లోపలికి పంపిస్తే ఉన్న ఒక్క బడీ మూసినట్టే.

ముచ్చట్లలో పుట్టి ముచ్చట్లలోనే బతికే పదాలు ఎన్నో ఉన్నాయి. నేల విత్తడానికి సరిగ్గా తడిస్తే పదునైందంటాం. వాన మొహం చాటేసిన రోజుల్ని వరపు అంటాం. సన్నగా, విడవకుండా పడితే ముసురు. పత్తి ఏరేటప్పుడు, మిర్చి ఎండబోసేటప్పుడు, ఇప్పపువ్వు ఏరేటప్పుడు, తునికాకు కట్టలు కట్టి కల్లానికి మోసేటప్పుడు ఎన్నెన్ని మాటలో! భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలదే. ఆ పదాలను రైతుల నోట విని రాసుకున్నారు. అంత పెద్ద పండితులు వెతుక్కుంటూ పోయినవి మీ వాకిట్లో రోజూ దొర్లుతున్నాయి. అమెరికాలో తెలుగు తల్లిదండ్రులు శని, ఆదివారాలు కార్లలో పిల్లల్ని తెలుగు బడికి తీసుకెళ్తారు. సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి అక్కడ ఆ పని చేస్తోంది. అంత శ్రమ పడి వాళ్లు తెచ్చుకుంటున్నది మీ పిల్లకు గడప దాటితే చాలు, దొరుకుతుంది.

"ఇంట్ల తెలుగు మాట్లాడితే బడిల మరాఠీ పాడైతది" అని భయపడే తల్లులున్నారు. కొందరు తమకు సరిగా రాని మరాఠీలోనే పిల్లలతో మాట్లాడటం మొదలుపెడతారు. ఆ తల్లులకు చెప్పేది ఒకటే, మీకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడండి. తడుముకుంటూ మాట్లాడే తల్లి దగ్గర పిల్లకు దొరికేవి "తిను, పడుకో, రా, పో" లాంటి పొడి మాటలే. సొంత భాషలో అయితే నవ్వు, అలక, ఎత్తిపొడుపు, సామెత, కథ అన్నీ దొరుకుతాయి. మరాఠీ నేర్పడానికి టీచరు ఉన్నారు, తోటి పిల్లలు ఉన్నారు. చిన్న తరగతుల్లో, కనీసం ఐదో తరగతి దాకా, వీలైనచోట ఇంటి భాషలోనే చదువు చెప్పాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా అంటోంది. బడిలో ఆ వీలు లేని చోట ఇంట్లోనైనా ఆ భాష నిండుగా ఉండాలి కదా! గోండీ, మాడియా మాట్లాడే ఇళ్లకూ ఇదే మాట చెప్తాను.

అలాగని మరాఠీని బయటి భాషగా చూడటం నేర్పకండి. పక్కింటి ఆయి "జేవణ్ ఝాలం కా?" అని అడిగినా, మన పెద్దవ్వ "తిన్నవా బిడ్డా?" అని అడిగినా ప్రేమ ఒక్కటే. రెండింటికీ రెండు భాషల్లో నిండుగా బదులిచ్చే పిల్ల ఎక్కడా ఒంటరి కాదు. తెలంగాణ తన భాషా దినోత్సవంగా జరుపుకునే సెప్టెంబరు 9 కవి కాళోజీ నారాయణరావు పుట్టినరోజు. ఆయన తండ్రిది మరాఠీ, తల్లిది కన్నడం. 1914లో పుట్టిన కాళోజీ ఓరుగల్లు గడ్డ మీద పెరిగి, జనం నోటి తెలుగుకే గౌరవం దక్కాలని జీవితాంతం వాదించారు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాష ఉన్నంత మాత్రాన పిల్ల చెడిపోదని చెప్పడానికి ఆయన కన్నా పెద్ద సాక్ష్యం నాకు తోచదు.

పిల్లలు తెలుగు, మరాఠీ కలిపి మాట్లాడినప్పుడు నవ్వకండి. "పావూస్ వచ్చింది" అంటే తప్పు పట్టి ఆపకండి. "అవును బిడ్డా, వాన మస్తుగొట్టింది" అని మీ వంతు మాట మీరనండి. సరైన పదం ఆ బదులులోనే దొరికిపోతుంది, పిల్ల ముఖమూ చిన్నబోదు. పెద్ద గాయం ఇంట్లో కంటే చుట్టాల దగ్గరే తగులుతుంది. మంచిర్యాలకో, భూపాలపల్లికో, చెన్నూరుకో పెండ్లికి పోతాం. అక్కడి పిల్లలు "నీది మరాఠీ తెలుగు" అని నవ్వుతారు. ఒక్కసారి అలా నవ్విన తర్వాత ఆ పిల్ల చుట్టాల మధ్య నోరు విప్పడం మానేస్తుంది, తర్వాత పెండ్లికి రానంటుంది. అక్కడ మీరు ఊరుకోకూడదు. కోపం అక్కర్లేదు. "మా దిక్కు గిట్లనే మాట్లాడుతం, దానికి మరాఠీ సుత వస్తది, మీకొస్తదా?" అని చిరునవ్వుతో నలుగురిలో అనండి. తల్లి తనవైపు ఒక్క మాట అన్నదంటే పిల్లకు కొండంత ధైర్యం.

సరే, పిల్లను కూర్చోబెట్టుకున్నాం. తర్వాత? వింటే చాలదు, వంతు కూడా ఇవ్వాలి. 2018లో రేచల్ రోమియో అనే పరిశోధకురాలి బృందం అమెరికాలో 4 నుంచి 6 ఏళ్ల పిల్లలు 36 మంది ఇళ్లలో జరిగే మాటల్ని రికార్డు చేసి, ఆ పిల్లలు కథలు వింటున్నప్పుడు మెదడును స్కాన్ చేసి చూసింది. పెద్దలు ఎన్ని మాటలు గుప్పించారన్న దానికంటే, పెద్దలకూ పిల్లలకూ మధ్య మాట ఎన్నిసార్లు అటూ ఇటూ నడిచిందన్నదే మెదడులో భాషకు సంబంధించిన భాగం చురుకుదనంతో ముడిపడి కనిపించింది. ఇంటి సంపాదన, తల్లిదండ్రుల చదువు లెక్కలోకి తీసుకున్నాక కూడా అలాగే తేలింది. 36 మందితో చేసినది చిన్న పరిశోధనే. అయినా ఆ చివరి సంగతి కూలి చేసుకునే ఇంటికి ధైర్యమిస్తుంది. పిల్లకు మాట ఇచ్చి మాట పుచ్చుకోవడానికి డబ్బూ డిగ్రీ అక్కర్లేదు.

బడి నుంచి రాగానే "ఏం చెప్పిన్రు?" అంటాం. "ఏం లేదు" అంటుంది పిల్ల. మాట అక్కడే తెగుతుంది. ముందు మీ సంగతి చెప్పి చూడండి. "ఇయ్యాల చేన్ల అడుగు పెట్టంగనే వాన అందుకున్నది. అందరం చెట్టు కిందికి ఉరికినం. నా సద్ది మొత్తం తడిసింది." ఇక పిల్ల ఆగదు. బడి పెంకుల మీద వాన ఎలా మోగిందో, ఎవరి పుస్తకాలు తడిశాయో తానే చెప్తుంది. మన పిల్లల్లో చాలామందికి అమ్మా బాపూ పొద్దంతా ఏం పని చేస్తారో నిజంగా తెలియదు. పనికి పోయారని తెలుసు, అంతే. ఇవాళ ఎన్ని కిలోల పత్తి ఏరారు, నడుం ఎక్కడ పట్టేసింది, పక్క సాలులో అత్త ఏ కథ చెప్పి నవ్వించింది, చెప్పండి. కష్టాన్ని దాచి పెంచితే పిల్లలకు దాని విలువ తెలియదు. కష్టం ఒక్కటే చెప్తే పని అంటేనే భయపడతారు. నవ్వునూ నడుం నొప్పినీ కలిపి చెప్పండి.

ఇంటికి ఎవరైనా వస్తే చెంబుతో నీళ్లిచ్చే పని పిల్లకు అప్పజెప్పండి. నీళ్లిచ్చి "మంచిగున్నవా మామా? వాన పడ్డదా మీ దిక్కు?" అని అడగడం అలవాటైతే ఆ తర్వాత సంగతి మామే చూసుకుంటాడు. సిగ్గుపడే పిల్లను ముందుకు తోయకండి. "దండం పెట్టు, ఓ పాట పాడు, ఇంగ్లీషుల చెప్పు" అంటూ నిలబెట్టడం ముచ్చట కాదు, పరీక్ష. సిగ్గరి పిల్లలు ఎక్కువగా వింటారు. వాళ్లకు చేతికి పనివ్వండి, చిక్కుడుకాయలు తుంచమనండి. చేతులు ఆడుతుంటే నోరు తనంతట విచ్చుకుంటుంది. వచ్చిన చుట్టం పిల్లను అడిగిన ప్రశ్నకు మీరు బదులివ్వకండి. పిల్ల తడబడ్డా కాస్త ఓపిక పట్టండి. తల్లి తొందరపడి అందుకుంటే ఆ వంతు పోతుంది.

ఇన్ని చెప్పి ఒక హెచ్చరిక చెప్పకపోతే తప్పు. పిల్లలు పక్కనుంటే మన మాట కూడా మారాలి. ఫలానా ఇంట్లో కోడలిని కొట్టారట, ఫలానా వాడి బిడ్డ లేచిపోయిందట అన్నవి ఆ వయసు చెవికి వద్దు. అప్పుల లెక్కలు విన్న పిల్ల రాత్రి నిద్రపోదు, కానీ ఎందుకని అడిగితే చెప్పదు. రంగు గురించి, లావు గురించి, పక్కింటి పిల్లగాడి మార్కుల గురించి నలుగురిలో పోల్చి మాట్లాడితే ఆ పిల్ల మళ్లీ ఆ వాకిట్లోకి రాదు. ఈ అడవి ప్రాంతంలో పెద్దలు భయంతో గొంతు తగ్గించి మాట్లాడుకున్న ఏళ్లున్నాయి. అలాంటి మాట ఏదైనా పిల్ల చెవిన పడి ముఖం మారిందంటే చూసీచూడనట్టు వదిలేయకండి. పడుకునే ముందు దగ్గరికి తీసుకుని, ఏం విన్నావని అడిగి, తెలిసినంతలో నిజం చెప్పండి. చెప్పకుండా వదిలేస్తే పిల్లలు దాన్ని ఊహలో పదింతలు చేసుకుంటారు.

సెల్‌ఫోను గురించి ఎక్కువ రాయను, అందరూ రాస్తున్నారు. పిల్లను ముచ్చటకు పిలిచి మనం ఫోను చూస్తూ కూర్చుంటే అది పిలిచినట్టు కాదు. అంతే.

కానీ అదే ఫోను ఏడాదిలో కొంతకాలం ఈ ఇళ్లకు ప్రాణాధారం. చలికాలం చివర మిర్చి ఏరడానికి గడ్చిరోలి పల్లెల నుంచి మనుషులు తెలంగాణ జిల్లాలకు తరలిపోతారు. పిల్లలు అవ్వ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో ఉండిపోతారు. రాత్రి గుడారం నుంచి తల్లి ఫోను చేస్తుంది. "తిన్నవా? బడికి పోయినవా? అవ్వ మాట వింటున్నవా?" అని మూడు ప్రశ్నలు, మూడుసార్లు "ఊఁ". తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచదు, ఫోను అవ్వ చేతికి పోతుంది. తల్లికి ఏడుపొస్తుంది, పిల్లకు పట్టింపు లేదనుకుంటుంది. పిల్లకు పట్టింపు లేక కాదు, మాట పట్టుకోవడానికి కొస దొరక్క. ఆ కొస మీరు అందించండి. "ఇక్కడ పొద్దుగాల మంచు మస్తు కురుస్తున్నది, కాయ తడిగుంటున్నదని ఎండెక్కినంకనే చేన్లకు పోతున్నం. చేతులు మండుతున్నయ్, కొబ్బరినూనె రాస్తున్న. మన ఊర్ల చలి తగ్గిందా? మేక ఈనిందా?" అని అడగండి. అప్పుడు పిల్ల మేక సంగతి చెప్తుంది, మేకపిల్ల రంగు చెప్తుంది, రాత్రి చలికి దాన్ని ఎక్కడ కట్టారో చెప్తుంది. మీరు వచ్చేదాకా ఇంటి కబురు చెప్పే పని నీదేనని పిల్లకు అప్పగించండి. వాన చినుకు పడిందా, బావిలో నీళ్లెంత ఉన్నాయి, ఇప్పపువ్వు రాలడం మొదలైందా అని రోజూ చూసి చెప్పాలనండి. ఎదురుచూడటానికి పిల్లకు ఒక కారణం దొరుకుతుంది, మీకూ దొరుకుతుంది. ఇంటి దగ్గర ఉండే పెద్దలు ఈ ఒక్క సాయం చేయాలి. ఫోను రాగానే ముందు పిల్ల చేతికివ్వాలి, పైసల లెక్కలు తర్వాత మాట్లాడుకోవాలి, సిగ్నలు దొరికే చోటు మిట్ట మీద ఉంటే చీకటి పడకముందే పిల్లను వెంటబెట్టుకుని అక్కడికి పోవాలి.